తేటనీరెల్ల మంచినీరు కాదు

మా యింట ఒక బంగారుచేప కలదు. అది మా యింటికి వచ్చి రెండు వేసవులు గడచినవి. పాఠశాల పత్రికలో వ్రాయదగిన విషయమా యిది యని కొందరు నవ్వవచ్చును. కాని దానితో కూడ వచ్చిన మరియొక చేప పది దినములు తిరుగకమునుపే చనిపోయెను. ఆ చావునకు నేను ఒక బాలికను నిందించితిని. తప్పు ఆమెది కాదు. ఆ సంగతి తెలిసికొని, ఆమెతో చెప్పుటకు నాకు రెండు నెలలు పట్టెను. ఆ రెండు నెలలలో నీటినిగూర్చి నేను నేర్చుకొన్నది, ఇంట చేపలను పెంచు బాలబాలికలకును వారి తల్లిదండ్రులకును ఉపయోగపడునని తలచి యిచట వ్రాయుచున్నాను.

ఆ బాలిక నా మనుమరాలు. అప్పుడు ఏడవ తరగతి చదువుచుండెను. పరీక్షలు ముగిసిన పిమ్మట బెంగళూరికి పోయినప్పుడు, ఒక దుకాణములో గాజుతొట్లలో ఈదుచున్న బంగారుచేపలను చూచి కదలక నిలిచిపోయెను. రెండు చిన్న చేపలను, ఒక గుండ్రని గాజుగిన్నెను, ఒక మేతడబ్బాను కొనియిచ్చితిని. ఆ గిన్నె అయిదు లీటర్ల నీరు పట్టును. "దినమూ నీళ్ళు మార్చండి, అంతే" అని దుకాణదారుడు చెప్పెను. దేవనహళ్ళి చేరువరకు బస్సులో ఆ పిల్ల చేపల సంచిని ఒడిలో నుంచుకొని, ప్రతి కుదుపునకును దానిని రెండు చేతులతో పట్టుకొనుచుండెను.

చెప్పిన మాటను ఆమె తప్పలేదు. ప్రతి ఉదయమును చేపలను చెంబులోనికి తీసి, గిన్నెను తోమి కడిగి, కొళాయినీటితో నింపి, మరల చేపలను అందులో విడుచుచుండెను. నీరు అద్దమువలె నుండెను. ఐనను తొమ్మిదవ దినమున ఒక చేప నీటిపై వెల్లకిల తేలియుండెను.

"గిన్నె సరిగ్గా కడిగుండవు. సబ్బు మిగిలుంటుంది" అని నేనంటిని.

"సబ్బే వేయలేదు తాతా! దినామూ నీళ్ళు మారుస్తానే ఉంటిని గదా, ఎందుకు చచ్చిపాయ?" అని ఆమె యేడ్చెను.

నాకు సమాధానము తెలియలేదు. తెలియదని చెప్పుటకు మారుగా, "ఇంకమీదనైనా జాగ్రత్తగా కడుగు" అంటిని. తెలియనిచోట పెద్దలము తరచుగా చేయు పని యిదియే. ఆమె ఆ చేపను పెరటిలోని పంపరపనస చెట్టు మొదట పాతిపెట్టెను. ఈ ప్రాంతమున దానిని చకోత యందురు. దేవనహళ్ళి చకోత పేరుపొందినదని పాఠకులెరుగుదురు. మరునాటినుండి ఆ పిల్ల గిన్నెను దినమునకు రెండుమార్లు కడుగసాగెను. ఎంత కడిగినను రెండవ చేప నీటి పైభాగమునకు వచ్చి, నోరు తెరచి మూయుచు, ఊపిరికై తపించుచుండెను.

నేను తెలుగు బోధించినవాడనే గాని విజ్ఞానశాస్త్రము నెరిగినవాడను కాను. మా పాఠశాలలో ఆ శాస్త్రము చెప్పు ఉపాధ్యాయునియింట చేపలతొట్టి కలదని విని, ఒక సాయంకాలము ఆయనను పిలుచుకొని వచ్చితిని. ఆయన గిన్నెవంక చూచి కొంతసేపు మాటాడలేదు.

"నీళ్ళు చూడండి, ఎంత తేటగా ఉండాయో!" అని నేనంటిని.

"ఉప్పు కలిపిన నీళ్ళు కూడా తేటగానే ఉంటాయి గదా, అయ్యవారూ" అని ఆయన బదులు చెప్పెను. పిమ్మట గిన్నెలోని నీటిని చిన్న గాజుగొట్టములోనికి తీసి, తన సంచిలోని సీసాలనుండి కొన్ని చుక్కలు కలిపి, కొంతసేపు ఆగుమనెను. పసుపుపచ్చగ నుండవలసిన ఆ నీరు ఆకుపచ్చగ మారెను. అది అమ్మోనియా యని ఆయన చెప్పెను. కంటికి కనబడని విషములో ఆ చేప ఈదుచుండెనని నాకు అప్పుడు తెలిసినది.

ఆయన మాట వినగానే నాకు మా అవ్వ జ్ఞాపకమునకు వచ్చినది. వానకాలమున చెరువునీరు ఎర్రగ వచ్చినప్పుడు, ఆమె చిల్లగింజను కడవ లోపలి అంచున అరగదీసెడిది. కొన్ని గడియలకు మన్ను అడుగునకు దిగి, నీరు తేరుకొనెడిది. అది యెంతో మేలైన ఉపాయమే. కాని అది తీయునది నీటిలో తేలు మన్నును మాత్రమే. నీటిలో కరిగిన విషమును కాదు. తేటదనము వేరు, మంచిదనము వేరు. ఈ రెంటిని నేను డెబ్బది యేండ్లుగా ఒక్కటే యనుకొనియుంటిని.

ఇక అమ్మోనియా ఎక్కడనుండి వచ్చినది? చేపనుండియే వచ్చినది. చేప తిన్న మేతలోని మాంసకృత్తులు దాని దేహములో వినియోగమైన పిమ్మట, మిగిలిన నత్రజని అమ్మోనియాగా మారి, అధికభాగము మొప్పలగుండ నీటిలోనికి పోవును. తినక విడిచిన మేతయు, మలమును కుళ్ళి మరికొంత చేర్చును. బంగారుచేపకు మనకున్నట్లు జీర్ణాశయము లేదు; తిన్నది నేరుగ ప్రేగులలోనికి పోవును. కావున అది యెప్పుడును ఆకలిగొన్నట్లే మనవంక వచ్చును. పిల్లలు జాలిపడి మరల మరల మేత వేయుదురు. మా పిల్లయు వేసినది.

చేపల పెంపకము చేయువారు ఒక లెక్క వాడుదురు. మేత బరువులో సుమారు నూటికి మూడు పాళ్ళు అమ్మోనియారూపమున నత్రజనియై నీటిలో చేరును. అనగా ఒక గ్రాము మేతకు 30 మిల్లీగ్రాములు. అయిదు లీటర్ల గిన్నెలో అది లీటరునకు 6 మిల్లీగ్రాములగును. నూరు లీటర్ల తొట్టిలో లీటరునకు 0.3 మిల్లీగ్రాములే యగును. చేప యొక్కటే, మేత యొక్కటే. పాత్ర మారినది, అంతే. ఇంతేకాక, ఈ అమ్మోనియా యంతయు సమానముగ విషము కాదు. నీటి పి.హెచ్. విలువ 7 ఉన్నప్పటికంటె 8 ఉన్నప్పుడు విషరూపములోని భాగము సుమారు పదింతలు పెరుగును. మన ప్రాంతపు బోరునీటివంటి గట్టినీటిలో ఆ విలువ తరచుగ హెచ్చుగనే యుండును. కావున మెత్తని నీటిలో చేప ఓర్చుకొను కల్మషమును ఇచట ఓర్చుకొనలేదు.

"మరి మా పిల్ల దినమూ నీళ్ళు మారుస్తా ఉండింది గదా!" అని నేనడిగితిని. దానికిని ఆయన సమాధానము చెప్పెను. కొళాయినీటిలో సూక్ష్మక్రిములను చంపుటకు క్లోరినును కలుపుదురు. అది మన ఆరోగ్యమునకు మేలు. కాని పట్టిన నీటిని వెంటనే చేపకు పోసినచో ఆ క్లోరిను దాని సున్నితమైన మొప్పలను కాల్చును. పైగా నీటినంతయు ఒక్కమారుగ మార్చినప్పుడు వేడిమియు, క్షారగుణమును హఠాత్తుగ మారును. దినమున కొకమారు ఆ దెబ్బ. తరువాత రాత్రి తెల్లవారువరకు అమ్మోనియా దెబ్బ. మా పిల్ల చేసిన సేవలో లోపము లేదు. మేము ఆమెకు నేర్పిన సేవయే తప్పు. గుండ్రని గిన్నెలలో బంగారుచేపలను ఉంచరాదని ఇటలీ దేశములోని రోము నగరము 2005లో శాసనమే చేసినది.

అప్పుడైనను నేను పిల్లను పిలిచి, "తప్పు నీది కాదు" అని చెప్పియుండవలసినది. చెప్పలేదు. ఉపాధ్యాయుడు చెప్పినదంతయు ఆమెయు వినుచున్నదిగదా యని సరిపెట్టుకొంటిని.

ఆ వారములోనే నూరు లీటర్లు పట్టు గాజుతొట్టిని, స్పాంజి ఫిల్టరును, గాలి పంపును కొనితెచ్చితిమి. ఫిల్టరనగా వడపోత యని యెల్లరకు తెలియును. టీ వడకట్టు జల్లెడవలె నీటిలోని చెత్తను ఆపునదని నేననుకొంటిని. అది దాని పనులలో చిన్నది. వడపోత మూడు విధములు. చెత్తను, మలమును పట్టి నిలుపునది మొదటిది. బొగ్గువంటి వస్తువులతో నీటిలోని రంగును, వాసనను, కొన్ని రసాయనములను పీల్చునది రెండవది. ఐతే సామాన్యమైన బొగ్గు అమ్మోనియాను తగినంత పీల్చజాలదు. మూడవది జీవులచేత జరుగు వడపోత. చేప ప్రాణమును నిలుపునది ఇదియే.

స్పాంజి రంధ్రముల గోడలపై కొన్ని జాతుల బాక్టీరియాలు కాపురముండును. వానిలో కొన్ని అమ్మోనియాను నైట్రైటుగా మార్చును. మరికొన్ని ఆ నైట్రైటును నైట్రేటుగా మార్చును. అమ్మోనియావలెనే నైట్రైటును విషమే. అది మొప్పలగుండ రక్తములో చేరి, ప్రాణవాయువును మోయు ఎర్రని పదార్థమును పాడుచేయును. రక్తము గోధుమరంగునకు తిరుగును. నీటిలో ప్రాణవాయువున్నను చేపకు ఊపిరాడదు. నైట్రేటు అంత తీవ్రమైనది కాదు. వారమున కొకమారు కొంత నీరు మార్చినచో అది తగ్గిపోవును. కావున ఫిల్టరనునది యంత్రము కాదు; అదియొక ఊరు. గాలి పంపు ఆ ఊరికి నీటిని, ప్రాణవాయువును అందించు సేవకుడు మాత్రమే.

ఆ ఊరు ఒక్కనాటిలో వెలయదు. మనము వినియుండు కొన్ని సూక్ష్మజీవులు ఇరువది నిమిషములకే రెండింతలగును. ఈ నీటి కాపరులకు అట్లు కాదు; అనేక గంటలు, ఒక్కొక్కప్పుడు దినమునకు మించియు పట్టును. కావుననే కొత్త తొట్టి నిలుకడకు వచ్చుటకు నాలుగునుండి ఆరు వారములు కావలెను. ఉపాధ్యాయుడు తన పాత ఫిల్టరునుండి ఒక స్పాంజిముక్కను తడి యారకుండ తెచ్చి, మా తొట్టిలో వేసెను. పెరుగునకు తోడు వేసినట్లే యిదియు నని మా యింటివారు వెంటనే గ్రహించిరి. మనుమరాలు ఒక నోటుపుస్తకములో గీతలు గీసి, ప్రతిదినము పరీక్షాఫలములను వ్రాయసాగెను. మొదట అమ్మోనియా పెరిగి తగ్గినది. పిమ్మట నైట్రైటు పెరిగి తగ్గినది. అయిదవ వారమున రెండును శూన్యమై, నైట్రేటు మాత్రము కనబడెను. చేప నీటి అడుగున గులకరాళ్ళ నడుమ మేత వెదకుకొనుచు తిరుగసాగెను. ఆ పిల్ల ముఖమున చాల దినములకు నవ్వు చూచితిని.

అప్పుడు నేను చేసిన పని చెప్పుటకు నేటికిని సిగ్గుగ నున్నది.

ఒక ఆదివారము పిల్ల తన అమ్మమ్మగారింటికి పోయినది. తొట్టిలోని స్పాంజి ముదురు గోధుమరంగున జిగటగ కనబడెను. ఇంత మురికియున్నచో చేప కెట్లు ఆరోగ్యము కలుగునని తలచి, దానిని తీసి, కొళాయిక్రింద పట్టి, తెల్లబడువరకు పిండి పిండి కడిగి, మిద్దెమీద ఎండలో ఆరవేసితిని. సాయంకాలము దానిని మరల అమర్చి, మంచిపని చేసితినని సంతసించితిని. ఎవరితోను చెప్పలేదు.

మూడవ దినమున చేప నీటిపైకి వచ్చి నోరు తెరచుచుండెను. బడినుండి వచ్చిన మనుమరాలు దానిని చూచి, సంచినైనను దింపక, నావైపు తిరిగి, "నేనేం చేయలేదు తాతా! నిజంగా నేనేం చేయలేదు!" అని యనెను.

నేనింకను ఏమియు అడుగలేదు. అడుగకముందే ఆమె తన్ను తాను సమర్థించుకొనుచున్నది. ఆ భయమును ఆమె మనస్సులో నాటినది నేను వేసవిలో పలికిన మాటయే. ఆ చేపకంటె ముందుగ ఆ పిల్లకు ఊపిరాడకుండ చేసితినని నాకు తోచెను.

నేను ఆమెను ప్రక్కన కూర్చుండబెట్టుకొని జరిగినదంతయు చెప్పితిని. "ఇది నేను చేసిన పని తల్లీ. స్పాంజిని నేనే కడిగినాను. ఆ మొదటి చేప సంగతిలో కూడా తప్పు నీది కాదు. నాకు తెలియక నిన్నంటిని" అంటిని. ఆమె కొంతసేపు నావంక చూచి, "కొళాయినీళ్ళతోనా కడిగినావు?" అని యడిగెను. ఔనంటిని. "అయితే అవన్నీ చచ్చిపోయింటాయి తాతా" అని లేచి, పరీక్షచుక్కల పెట్టెను తెచ్చెను. కోపించుటకు ఆమెకు తీరిక లేదు. చేయవలసిన పని యున్నది.

ఆ దినమునుండి మేమిద్దరమును కలిసి పనిచేసితిమి. మేత పూర్తిగ నిలిపితిమి. ఆరోగ్యముగ పెరిగిన బంగారుచేప కొన్ని దినములు మేత లేక యుండగలదు. దినమునకు మూడవవంతు నీటిని మార్చితిమి. ఆ నీటిని ముందుదినముననే వెడల్పైన పాత్రలో పట్టియుంచి, క్లోరిను పోయిన పిమ్మటనే పోసితిమి. నైట్రైటు కనబడినప్పుడు లీటరునకు ఒక గ్రాము చొప్పున రాళ్ళ ఉప్పును కరిగించి కలిపితిమి. ఉప్పులోని క్లోరైడు, నైట్రైటు మొప్పలలో చొరకుండ అడ్డుపడునని ఉపాధ్యాయుడు చెప్పెను. ఆయన మరియొక స్పాంజిముక్కను ఇచ్చెను. మూడు వారములకు తొట్టి మరల నిలుకడకు వచ్చినది. చేప బ్రతికినది.

ఎండలో ఎండిన స్పాంజిలో ఒక ఊరు చచ్చిపోయినదనిన మాట నాకు వింతగ తోచి, ఈ సంగతిని మనుష్యులెట్లు కనుగొనిరని చదివితిని. 1877లో ఫ్రాన్సు దేశమున ష్లోజింగు, మ్యూంట్జు అను ఇద్దరు శాస్త్రజ్ఞులు ఒక పొడవైన గాజుగొట్టమును ఇసుకతోను, సున్నపురాతి పొడితోను నింపి, దానిగుండ మురుగునీటిని మెల్లగ దిగవిడిచిరి. సుమారు ఇరువది దినములవరకు నీటిలోని అమ్మోనియా మారలేదు. పిమ్మట అది తగ్గి నైట్రేటు పుట్టసాగెను. ఇసుకయే ఈ పని చేయుచున్నచో మొదటిదినముననే చేయవలసినది గదా! వారు గొట్టములోనికి క్లోరోఫారము ఆవిరిని పంపగా పని నిలిచిపోయెను. తరువాత కొంత తోటమన్నును నీటితో కడిగి ఆ నీటిని పోయగా పని మరల మొదలాయెను. కావున నీటిని మార్చునది ఇసుక కాదనియు, అందు కాపురమున్న ప్రాణులే యనియు తేలినది. తరువాత 1890 ప్రాంతమున వినోగ్రాడ్స్కీ అను రష్యా శాస్త్రజ్ఞుడు ఆ ప్రాణులను వేరుచేసి చూపెను. రెండు మెట్లను రెండు రకముల బాక్టీరియాలే ఎక్కునని చిరకాలము తలచిరి. రెండును ఒక్కతే చేయగల జాతి యొకటి కలదని 2015లో వెల్లడియైనది. ష్లోజింగు మ్యూంట్జులు క్లోరోఫారముతో చేసిన పనిని నేను కొళాయినీటితోను, ఎండతోను చేసితిని. వారు తెలిసి చేసిరి. నేను తెలియక చేసితిని. అంతే భేదము.

ఇది గాజుతొట్టిలోని మాట మాత్రమే కాదు. మన దేవనహళ్ళిలో సిహినీరు కెరె యను చెరువు కలదు. కన్నడమున సిహినీరనగా తీయని నీరు, మన మంచినీరన్నమాట. బెంగళూరులోని హెబ్బాళ, నాగవార లోయల మురుగునీటిని శుద్ధిచేసి, గొట్టములద్వారా బెంగళూరు గ్రామీణ, చిక్కబళ్ళాపురము జిల్లాల చెరువులకు పంపు పథక మొకటి నడచుచున్నది. ఆ నీరు మన చెరువును చేరగా, అది నేలలోనికి ఇంకి, చెరువు చెంతనున్న పాత బావిలో మరల ఊట పుట్టినది. చెరువునీటిని నేరుగ త్రాగుటకు తీయక, మన్నుగుండ ఇంకి బావులలో ఊరిన నీటిని తోడి, మరల శుద్ధిచేసి వాడు ఏర్పాటు జరిగినది. మన్నుపొరలలో మా స్పాంజిలోని కాపరుల జ్ఞాతులే పని చేయుచుండును.

ఐతే వారు చేయలేని పనులును కలవు. నైట్రేటు వారికి కడపటి మెట్టు. అది నీటిలోనే మిగులును. త్రాగునీటిలో నైట్రేటు లీటరునకు 45 మిల్లీగ్రాములకు మించరాదని భారతీయ ప్రమాణము చెప్పుచున్నది. మించినచో ముఖ్యముగ పసిబిడ్డలకు హాని. చేపల రక్తమును నైట్రైటు చెరచినట్లే అదియు బిడ్డల రక్తమును చెరచును. కావున చెరువులకు వచ్చు నీటిని ఇంకను మేలుగ శుద్ధిచేయవలెనని ఈ జిల్లాల రైతులు కోరుచున్నారనిన, అది న్యాయమైన కోరిక. తొట్టిలో నీటిని పరీక్షింప నేర్చిన పిల్లలు రేపు చెరువునీటిని పరీక్షింపుమని అడుగగలరు.

చేపలను పెంచదలచిన వారికై మేము నేర్చుకొన్న నియమములను క్లుప్తముగ వ్రాయుచున్నాను.

మొదటిది, తొట్టి. ఒక బంగారుచేపకు 75 లీటర్లకు తక్కువ కాకుండ నీరుండవలెను. చేప చేరినకొలది నీరును పెరుగవలెను. ఎత్తైన తొట్టికంటె వెడల్పైనది మేలు. గాలి తగులు నీటిభాగము హెచ్చుగనుండును.

రెండవది, ఫిల్టరు. బంగారుచేప తక్కిన చిన్నచేపలకంటె ఎక్కువ కల్మషము విడుచును. కావున తొట్టిలోని నీరంతయు గంటకు నాలుగైదు మార్లకు తక్కువ కాకుండ ఫిల్టరుగుండ తిరుగవలెను. చిన్న తొట్టికి మంచి స్పాంజి ఫిల్టరు చాలును. పెద్ద తొట్టికి రెండు పెట్టిన మంచిది. ఒకటి కడిగినను రెండవదానిలో ఊరు నిలుచును.

మూడవది, కడుగుట. స్పాంజిగుండ నీరు మెల్లగ పోవునప్పుడు మాత్రమే కడుగవలెను. తొట్టినుండి తీసిన నీటిని బొక్కెనలో పోసి, అందులో రెండు మూడు మార్లు మెల్లగ పిండిన చాలును. కొళాయినీరు, వేడినీరు, సబ్బు, ఎండ పనికిరావు. గోధుమరంగును చూచి అసహ్యపడరాదు.

నాలుగవది, నీరు మార్చుట. వారమునకు నాలుగవవంతునుండి మూడవవంతు. కొళాయినీటిని ఒక దినము నిలువయుంచవలెను. తొందరయున్నచో, ప్రయోగశాలలో హైపో యని పిలుచు సోడియము థయోసల్ఫేటు క్లోరినును విరిచివేయును. ఇంటిలో త్రాగుటకై యంత్రముతో శుద్ధిచేసిన నీటిని మాత్రమే పోయరాదు. బాక్టీరియాల పనికి నీటిలోని కార్బనేటులు ఖర్చగుచుండును. అవి లేని నీరు కొంతకాలమునకు పులిసిపోవును. ఇందు మాత్రము మన గట్టినీరే మేలు.

అయిదవది, మేత. రెండు నిమిషములలో తినగలిగినంత, దినమునకు ఒకటి రెండు మార్లు.

ఆరవది, కరెంటు. అది పోయినచో గాలి పంపు ఆగును. కొన్ని గంటలలో స్పాంజిలోని కాపరులకు ప్రాణవాయువు చాలక చావసాగును. బ్యాటరీతో నడచు చిన్న పంపు నుంచుకొనుట మంచిది; లేనిచో చెంబుతో నీటిని ఎత్తి పోయుచుండవలెను. మా పిల్ల ఒక రాత్రి అట్లే చేసినది. చెంబు ఆమెకు నేనందించితిని.

కడపటిది. చేపను పెంచలేకపోయినచో చెరువులో విడువరాదు. అది మన చెరువుల చేప కాదు. అచట బలిసి, స్థానికమైన చేపలకు హాని చేయును. పెంచగల మరియొకరి కీయవలెను.

దేవనహళ్ళి సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తుననున్నది. చల్లని నీటిని కోరు ఈ చేపకు ఈ ఊరి వాతావరణము తగినది. నీటిని వెచ్చజేయు సాధనములతో పని లేదు. బంగారుచేప రెండు మూడు నెలలు బ్రతుకు బొమ్మయని మనలో చాలమంది యనుకొందురు. ఇంగ్లండులో 1956లో ఒక సంతలో బహుమానముగ గెలిచిన టిష్ అను బంగారుచేప 1999 వరకు, 43 సంవత్సరములు బ్రతికినది. అన్నియు అంతకాలముండవు గాని, నీరు మంచిదైనచో పది పదునైదేండ్లుండుట వింత కాదు. అనగా ఏడవ తరగతిలో కొన్న చేప, ఆ పిల్ల చదువు ముగించి ఉద్యోగమున చేరువరకు ఇంటనుండవచ్చును. చేపను కొనునప్పుడు తల్లిదండ్రులు ఆలోచింపవలసినది ధరనుగూర్చి కాదు, ఈ కాలమునుగూర్చి.

ప్రతి ఆదివారమును మేము తొట్టినుండి తీసిన నీటిని పెరటిలోని పంపరపనస చెట్టుకు పోయుచున్నాము. తొట్టిలో మిగులు నైట్రేటు చెట్టునకు ఎరువు. ఉప్పు కలిపిన దినములలో మాత్రము పోయలేదు. ఆ చెట్టు మొదటనే మొదటి చేప యున్నది. నీరు పోయునప్పుడెల్ల మనుమరాలు ఒక నిమిషము అచట నిలుచును. నేనును నిలుచుచున్నాను. ఆమె యేమి తలచునో నేనడుగలేదు. నేను తలచునది మాత్రము ఒక్కటే: తెలియనప్పుడు తెలియదని చెప్పుట నీటిని మార్చుటకంటె సులభమైన పని, దానిని నేను డెబ్బదవ యేట నేర్చుకొంటిని.